ఎర్ర సున్నా

గుమ్మళ్ళపాడు పురపాలక సంఘం కమిషనరు చక్రధరరావుగారు ఒక డిసెంబరులో ఐదు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. మామూలుగా కమిషనర్లు శిక్షణకు వెళితే ఒక సంచీ, ఒక పెన్నూ, ఏసీ గదిలో పట్టిన జలుబూ వెంట తెచ్చుకుంటారు. ఈయన వాటితో పాటు ఒక ఆలోచన కూడా తెచ్చుకున్నారు. జలుబు వారానికి తగ్గింది.

ఆలోచన ఏమిటంటే, జనవరి ఒకటో తారీఖున ప్రతి మనిషీ ఏదో ఒకటి మానేద్దామనో, ఏదో ఒకటి మొదలుపెడదామనో అనుకుంటాడు. నెల తిరక్కముందే మరిచిపోతాడు. ఇలా ఇంటింటా మరిచిపోయిన సంకల్పాల వల్లనే ఊరు వెనకబడి ఉందని కమిషనరుగారికి ఆ ఐదు రోజుల్లో బోధపడింది. అందుకని ‘ఇంటింటా లక్ష్యం’ అనే పథకం పెట్టారు. ప్రతి కుటుంబమూ సంవత్సరానికి నాలుగు లక్ష్యాలు రాసివ్వాలి. మూడు నెలలకోసారి ఉద్యోగి వచ్చి, ఎంతవరకు సాధించారో చూసుకుంటాడు. బాగా సాధించిన ఇంటికి గుమ్మం పక్కన గోడ మీద పచ్చ సున్నా చుడతాడు. కాస్త సాధిస్తే పసుపు సున్నా, ఏమీ సాధించకపోతే ఎర్ర సున్నా.

అంతటితో ఆగితే గోడలు పాడయ్యేవి తప్ప మనుషులకేమీ అయ్యేది కాదు. కానీ శిక్షణలో ‘ప్రోత్సాహకం’ అనే పాఠం కూడా చెప్పారట. ఏ సందులో ఇళ్ళన్నీ పచ్చ సున్నా కిందికి వస్తాయో, ఆ సందుకే కొత్త కొళాయి పైపు వేస్తామని కమిషనరుగారు మైకులో చాటించారు.

ఆ మాట గాజులోళ్ళ సందు చెవిన పడింది. ఊరి చివర మెరక మీద ఉన్న ఆ సందులో ముప్పై ఒక్క ఇళ్ళున్నాయి, ఒక్క కొళాయీ లేదు. నీళ్ళు కావాలంటే మార్కెట్ యార్డు పక్కనున్న చేతిపంపు దగ్గరికి దిగాలి, నిండు బిందెతో మళ్ళీ మెరక ఎక్కాలి. ఎక్కేదీ దిగేదీ ఆడవాళ్ళే. ఆ సందులో మగవాడు బిందె ముట్టుకోడు. ముట్టుకుంటే వాడి పేరుకు ముందు బిందె తగిలించి మూడు తరాలపాటు పిలుస్తారు.

సందులో చివరి ఇల్లు, డోరు నంబరు 7-31, వీరరాఘవాచారిది. ఆయన కాటాలు బాగుచేస్తాడు. రైసు మిల్లుల్లో, పొగాకు కంపెనీల్లో, కిరాణా కొట్లలో కాటా ముల్లు కాస్త పక్కకు జరిగిందంటే ఆచారికే కబురు. వేలితో ముట్టుకుని ఎంత తప్పుందో చెప్పేస్తాడు. తను మాత్రం జీవితంలో ముల్లు కదలకుండా బతికిన మనిషి. ఆయన భార్య భ్రమరాంబ రోజుకు పన్నెండు బిందెలు మోస్తుంది. ఆ ఏడాది మొదట్లో నడుములో పూస పక్కకు జరిగింది. ఇక బరువెత్తితే మంచానికి అంకితమవుతావని డాక్టరు చెప్పాడు. ఆమె విని, వచ్చి, బిందె తీసుకుని యార్డుకు దిగింది. ఇంకేం చేస్తుంది? అందుకని ఆ మైకు మాట విన్నప్పుడు ఆ సందులో అందరికన్నా ఎక్కువ ఆశపడ్డది ఆచారే.

జనవరి మూడో వారంలో మాల్యాద్రి కాగితాలు పట్టుకుని వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. నిన్నటిదాకా ఇంటి పన్ను వసూలు చేసేవాడు గనక జనం అతన్ని చూడగానే తలుపులు వేసుకునేవారు. ఇప్పుడు లక్ష్య సమన్వయకర్త అయ్యాడు. జేబులో నాలుగు పెన్నులు, నోట్లో రెండు రకాల తెలుగు ఉన్నాయి. ఒకటి తనది, ఇంకొకటి సర్క్యులరుది.

"మొదటి లక్ష్యం, దురలవాట్ల తగ్గింపు. ముందు ప్రస్తుత స్థితి చెప్పాల ఆచారిగారూ. మందు?"

"లేదు."

"సిగరెట్టు, బీడీ, చుట్ట?"

"లేవు."

"పేకాట?"

"రాదు."

"కనీసం ముక్కుపొడుం?"

"తుమ్ములొస్తయ్యి," అన్నాడు ఆచారి తప్పు చేసినవాడిలా.

మాల్యాద్రి సున్నా వేశాడు. రెండోది కుటుంబ కలహాలు. నెలకు ఎన్నిసార్లు పోట్లాడుకుంటారని అడిగితే భ్రమరాంబ చాలాసేపు ఆలోచించింది. "పెళ్ళయిన కొత్తలో ఒకసారి అలిగా. అదీ మా అత్త మీద," అంది. అక్కడా సున్నా వేశాడు. మూడోది అధిక బరువు. ఇద్దరూ ఉండవలసినంతే ఉన్నారు. నాలుగోది ఇంట్లో చెడిపోయి పడి ఉన్న వస్తువులు. ఊళ్ళోవాళ్ళ వస్తువులు బాగుచేసే మనిషి ఇంట్లో అవెందుకుంటాయి? తలుపు కిర్రుమనటం కూడా లేదు.

"నాలుగూ సున్నాలే," అన్నాడు మాల్యాద్రి దిగులుగా.

"మరి నా నీళ్ళు రాసుకోండి," అంది భ్రమరాంబ. "రోజుకు పన్నెండు బిందెలు మోస్తన్నా. పన్నెండుని సున్నా చెయ్యటమే నా లక్ష్యం."

మాల్యాద్రి నిటారుగా కూర్చుని రెండో తెలుగులోకి మారాడు. "అమ్మా, నీటి సరఫరా పురపాలక సంఘానికి చెందిన లక్ష్యం. సంఘం లక్ష్యాన్ని కుటుంబం తన లక్ష్యంగా ప్రకటించుకోవడం అధికార పరిధిని అతిక్రమించడం కిందకు వస్తుంది."

ఆచారి కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాడు. నాలుగు సున్నాలంటే నాలుగు తప్పులూ లేవనేగా, మనకు పచ్చ సున్నా ఖాయం అనుకున్నాడు. మంచివాళ్ళు ఎప్పుడూ చేసే పొరపాటు అదే.

మిగతా ముప్పై ఇళ్ళవాళ్ళు అంత మంచివాళ్ళు కాదు, అందుకని వాళ్ళకు పథకం వెంటనే అర్థమైంది. ఎదురింటి పేరయ్య రోజుకు ఒక క్వార్టరు తాగేవాడు. కాగితంలో ఆరు అని రాయించాడు. "ఆరు తాగితే మనిషి బతుకుతాడా?" అని మాల్యాద్రి అడిగితే, "అందుకేగా తగ్గించుకుంటానంటన్నా," అన్నాడు. పక్కింటి ఆదెమ్మ బరువు తూచే రోజున కొంగులో రుబ్బురోలు పొత్రం మూటగట్టుకుని కాటా ఎక్కింది. అది ఆచారి బాగుచేసిన కాటా. ముల్లు నిక్కచ్చిగా ఆ మనిషినీ పొత్రాన్నీ కలిపి చూపించింది. తర్వాత ఆమె ఆచారి దగ్గరికొచ్చి, మార్చిలో మాత్రం ముల్లును కాస్త వెనక్కి వంచమని బతిమాలింది.

"పొత్రం ఇంట్లో పెట్టి రామ్మా, అదే తగ్గిద్ది," అన్నాడు ఆచారి.

మార్చి ఆఖరున ఫలితాలు వచ్చాయి. పేరయ్య ఆరు నుంచి రెండుకు దిగాడు. నిజానికి ఒకటి నుంచి రెండుకు ఎక్కాడు, కానీ ఆ సంగతి రాసుకునే గడి కాగితంలో లేదు. కమిషనరుగారు స్వయంగా శాలువా కప్పి, ‘దురలవాటుపై విజేత’ అని చేతిలో ఒక ఫలకం పెట్టారు. ఆ సంతోషంలో పేరయ్య ఆ రోజు మూడు తాగాడు. ఆదెమ్మ రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గిందని ఫోటో తీసి ఆఫీసు గోడకు తగిలించారు. సందు నిండా పచ్చ సున్నాలు, అక్కడక్కడా పసుపు. ఆచారి గోడ మీద మాత్రం మాల్యాద్రి ఎర్ర రంగుతో పళ్ళెమంత సున్నా చుట్టాడు.

"ఇదేందయ్యా!" అన్నాడు ఆచారి. "తప్పు చేసినోళ్ళకు పచ్చదీ, చెయ్యనోడికి ఎర్రదీనా?"

"జనవరిలో సున్నా, మార్చిలో సున్నా. శూన్యం నుంచి శూన్యానికి చేరుకోవడాన్ని ప్రగతిగా పరిగణించడానికి వీల్లేదు," అని చదివినట్టు చెప్పి, మాల్యాద్రి తన తెలుగులోకి దిగాడు. "నేనేం జెయ్యను చెప్పండి? పేరయ్యను చూసి నేర్చుకోబళ్ళా మీరు?"

జూన్‌లో మళ్ళీ ఎర్ర సున్నా. అప్పటికి పసుపు ఇళ్ళు కూడా పచ్చబడ్డాయి. సందు మొత్తానికి అడ్డం ఒక్క ఆచారి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. ఒక సాయంత్రం ముప్పై ఇళ్ళవాళ్ళూ ఆయన వాకిట్లో కూర్చున్నారు.

"ఆచారీ, నీ మంచితనంతో మా గొంతులు ఎండబెడతన్నావు," అన్నాడు పేరయ్య, శాలువా భుజాన వేసుకునే వచ్చాడు. "ఏదో ఒక చెడ్డ అలవాటు పట్టుకో. నేర్పటానికి నేను లేనూ? తర్వాత మానేద్దువు గాని."

"నా వయసు యాభై రెండు, పేరయ్యా."

"చదువుకీ చెడిపోటానికీ వయసేంది?"

మర్నాడు పేరయ్య ఒక చుట్ట వెలిగించి ఆచారి నోట్లో పెట్టాడు. రెండు దమ్ములకే ఆచారి కళ్ళు తేలేశాడు. పొద్దున తిన్న చద్దన్నం బయటికొచ్చింది. ఆయన వాంతి చేసుకుంటుంటే సందు సందంతా ఆనందంగా చూసింది. మాల్యాద్రిని పిలిపించారు. అతను అంతా విని తల అడ్డంగా ఊపాడు. ఒక చుట్ట అలవాటు కిందకు రాదు. వరసగా ఇరవై ఒక్క రోజులు కాల్చాలి. పైగా అలవాట్ల గడి జనవరితోనే మూసేశారు.

"అయితే ఒక దారుంది," అన్నాడు మాల్యాద్రి, పెన్ను చెవిలో పెట్టుకుని. "కలహాలకు మటుకు అనుబంధ ప్రస్తుత స్థితి ఒప్పుకుంటారు. సమన్వయకర్త ముందు, ఇద్దరు సాక్షుల ముందు, పావుగంట తగ్గకుండా పోట్లాడుకోవాల. ఒక్కటి నమోదైతే చాలు, డిసెంబరుకు దాన్ని సున్నా జేద్దాం. నూటికి నూరు శాతం ప్రగతి!"

ఆదివారం పొద్దున్నే ముహూర్తం పెట్టుకున్నారు. ఆచారి, భ్రమరాంబ వసారాలో ఎదురెదురుగా నిలబడ్డారు. సాక్షులుగా పేరయ్య, ఆదెమ్మ. మాల్యాద్రి గడియారం చూసి, "కానివ్వండి," అన్నాడు.

"కూరలో ఉప్పెక్కువైంది," అన్నాడు ఆచారి, బడిలో పద్యం అప్పజెప్పినట్టు.

"అయ్యో, అయిందా? మజ్జిగ పొయ్యనా?" అంది భ్రమరాంబ.

"అమ్మా, ఎదురు మాట్లాడాల!"

"ఎట్టా మాట్లాడేదయ్యా, నిజంగానే ఎక్కువైంది. నేనూ తిన్నా గదా."

రెండోసారి ఆచారి చొక్కా గుండీ ఊడిందన్నాడు. చూస్తే ఆమె పొద్దున్నే కుట్టి పెట్టింది. మూడోసారి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆదెమ్మకు ఒళ్ళు మండింది. కొళాయి చేతికందినట్టే అంది జారిపోతోంది మరి. "ఓసేయ్ భ్రమరా, నవ్వుతావేందే! మీ ఆయన ఇన్నేళ్ళల్లో నీకేం జేశాడో అడుగు!" అని అరిచింది.

భ్రమరాంబ ఇంకా నవ్వు మొహంతోనే, "ఏం చెయ్యలేదు వదినా," అంది. ఆ మాట అన్నాక ఆమె నవ్వు ఆగిపోయింది. తను అన్న మాట తనకే అప్పుడు వినబడినట్టుంది.

"నిజమే. ఈయన ఏం చెయ్యలేదు. తాగలేదు, కొట్టలేదు, ఒక మాట అనలేదు. నీ మొగుడు దేవుడే అంటది ఊరంతా. దేవుడే. దేవుడు బిందె ఎత్తడు గదా! ఇరవై నాలుగేళ్ళ నించి ఆ మెరక ఎక్కుతున్నా. కడుపుతో ఉండి మోశా, జొరంతో మోశా. ఒక్కనాడన్నా ఆ ఆఫీసుకు బోయి, మా ఇంటికి నీళ్ళెందుకు రావయ్యా అని గట్టిగా అడిగారా మీరు? అర్జీ ఇచ్చొచ్చానంటారు. సార్ లేరంట, మళ్ళీ రమ్మన్నారంటారు. రమ్మన్నప్పుడల్లా పోతారు, పొమ్మన్నప్పుడల్లా వస్తారు. మంచోళ్ళు గదా! మీ మంచితనమంతా నా నడుం మీదుందండీ, నా నడుం మీద!"

పేరయ్య శాలువా సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాడు. మాల్యాద్రి మాత్రం గడియారం చూసుకుని, "ఇంకా ఆరు నిమిషాలుంది ఆచారిగారూ, మీరు కూడా ఏదో ఒకటి అనండి," అని గుసగుసగా తొందరపెట్టాడు.

"ఏమనను? ఆమె చెప్పింది నిజమే గదా," అన్నాడు ఆచారి.

మాల్యాద్రి కాగితం మడిచేశాడు. "ఒకరు మాత్రమే మాట్లాడారు. ఇది కలహం కాదు, ఫిర్యాదు. ఫిర్యాదులు తీసుకునేది వేరే సెక్షను," అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున సందు కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. వీరరాఘవాచారి భుజాన బిందె పెట్టుకుని మెరక ఎక్కి వస్తున్నాడు. అలవాటు లేక నీళ్ళు తొణికి పంచె మొత్తం తడిసింది. పిల్లలు వెంటబడ్డారు. అరుగుల మీది మగవాళ్ళు ‘బిందెలాచారి’ అని అక్కడికక్కడే నామకరణం చేసేశారు. ఆయన ఆగలేదు. పన్నెండు బిందెలూ తెచ్చి పోసి, తొమ్మిదిన్నరకు కాటాల పెట్టె పట్టుకుని పనికి పోయాడు. భ్రమరాంబ సాయంత్రం ఆయన భుజానికి ఆముదం రాస్తూ ఏడ్చింది.

సెప్టెంబరులో మాల్యాద్రి వచ్చినప్పుడు ఆచారి ఆశగా చెప్పాడు. ఈ ఇంట్లో పెద్ద మార్పే వచ్చిందయ్యా, ఆమె మోసేది పన్నెండు నుంచి సున్నాకు వచ్చింది, అడుగు కావాలంటే అన్నాడు. మాల్యాద్రి విన్నాడు. పాపం, అతనికీ రాయాలనే ఉంది. కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇంటికొచ్చే బిందెలు పన్నెండే గదండీ. ఎవరు మోశారనే గడి లేదు," అని చెప్పి పాత ఎర్ర సున్నా మీదే మళ్ళీ ఎర్ర రంగు పూశాడు.

డిసెంబరు వచ్చింది. గుమ్మళ్ళపాడులో పదకొండు వేల నాలుగు వందల రెండు ఇళ్ళు ఉంటే, పదకొండు వేల నాలుగు వందల ఒక ఇల్లు పచ్చబడింది. కమిషనరుగారికి కూడా ఒక లక్ష్యం ఉంది, పైవాళ్ళు పెట్టింది. నూరు శాతం. తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది తొమ్మిది అన్న అంకె చూసినప్పుడల్లా ఆయనకు కంట్లో నలుసు పడ్డట్టుండేది. చివరికి ఇంజనీరునీ శానిటరీ ఇన్‌స్పెక్టరునీ మాల్యాద్రినీ వెంటబెట్టుకుని ఆయనే స్వయంగా 7-31 గుమ్మం ముందు దిగారు.

"చూడండి వీరరాఘవాచారిగారూ," అన్నారు మర్యాదగానే. "ప్రగతి అంటే రెండు బిందువుల మధ్య దూరం. మీ గృహంలో ఒకే బిందువు ఉంది. మేము కొలవవలసిన దూరం మీరు మాకు ఇవ్వడం లేదు. ఇది ఒక రకంగా సహాయ నిరాకరణ."

"సార్, ముల్లు సరిగ్గా ఉన్న కాటాకు నేనేం రిపేరు చెయ్యను. బాగుందని చెప్పి లేచి వస్తా. మీరూ అట్టాగే రాసుకోరాదా?"

"బాగుంది అనే పదం మా పత్రంలో లేదు."

"పోనీ కొళాయి వెయ్యండి సార్. పన్నెండు బిందెలు సున్నా అయితయ్యి. అంతకన్నా ప్రగతి ఏముంటది?"

"పచ్చ సున్నా వస్తేనే కొళాయి."

"కొళాయి వస్తేనే గదా సార్ ఈ ఇంట్లో ఏదన్నా తగ్గేది!"

కమిషనరుగారు గడ్డం నిమురుకున్నారు. సున్నా వంక చూశారు, ఇంటి వంక చూశారు. శుభ్రంగా అలికిన వాకిలి, కిర్రుమనని తలుపు, లోపలినుంచి మజ్జిగ గ్లాసులు పట్టుకుని వస్తున్న భ్రమరాంబ. ఎక్కడా వేలు పెట్టే సందు లేదు. మజ్జిగ తాగుతుండగానే ఆయనకు రెండో ఆలోచన వచ్చింది. మొదటిదానికి శిక్షణ కావలసి వచ్చింది, రెండోది సొంతమే.

నాలుగు రోజుల తర్వాత ఆచారికి నోటీసు వచ్చింది. ‘ప్రగతికి అవకాశం లేని గృహము, లెక్కింపదగిన గృహము యొక్క నిర్వచనంలోకి రానందున, డోరు నంబరు 7-31ని గృహముల జాబితా నుండి తొలగించడమైనది. సదరు ప్రదేశమును ఇకమీదట ఖాళీ స్థలముగా పరిగణించవలెను.’ గాజులోళ్ళ సందులో ఇప్పుడు ముప్పై ఇళ్ళే. ముప్పైకి ముప్పై పచ్చ. ఊరు నూరు శాతం.

భ్రమరాంబ ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుంది. "ఖాళీ స్థలమా?" అంది నెమ్మదిగా. "మరి ఇన్నేళ్ళూ నేను ఊడ్చి ముగ్గేసింది యాడ?"

ఆచారి చొక్కా వేసుకున్నాడు. కాటాల పెట్టె తీసుకోలేదు. నేరుగా పురపాలక ఆఫీసుకు వెళ్ళాడు. సార్ మీటింగులో ఉన్నారు, రేపు రమ్మన్నారని బంట్రోతు చెప్పాడు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఆచారి ఆ మాట విని వెనక్కి తిరగలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"నా ఇల్లు లేదా?" అని కేకేశాడు. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "ఆ ఇంటికి పన్ను కట్టించుకున్నది ఈ మాల్యాద్రే గదయ్యా! ఏడెనిమిది అర్జీలిచ్చా మీకు. అర్జీలు ఖాళీ స్థలం రాసిందా? నా పెళ్ళాం నడుం ఇరిగిందయ్యా మీ నీళ్ళు మోసీ మోసీ! నాకు పచ్చదొద్దు, ఎర్రదొద్దు. శాలువాలొద్దు. ఆమెకు నీళ్ళు కావాల. ఇస్తారా ఇవ్వరా? ఇవ్వకపోతే ఎందుకివ్వరో నా మొహం మీద చెప్పండి!"

బల్ల మీద గుద్దాడు. కమిషనరుగారి పెన్నుల స్టాండు కింద పడింది. పక్క గదుల్లోంచి గుమాస్తాలు పరిగెత్తుకొచ్చారు. మూల నిలబడ్డ మాల్యాద్రి మొహం మాత్రం ఒక్కసారిగా వెలిగిపోయింది. "సార్! కలహం సార్! ఇరవై మంది సాక్షులున్నారు. రాసేసుకుందాం సార్, ఒకటి!" అని జేబులోంచి పెన్ను లాగాడు.

కమిషనరుగారు కింద పడ్డ పెన్నులు ఏరుకుంటూ విచారంగా తల ఊపారు. "ఆలస్యమైంది మాల్యాద్రీ. లేని ఇంటి కలహాన్ని నమోదు చేయలేము."

జనవరి రెండో వారంలో పైపుల లారీ వచ్చింది. సందు మొదట్లో గుంట తవ్వడం మొదలుపెట్టి, ముప్పయ్యో ఇంటిదాకా వచ్చారు. ఆచారి దంపతులు వసారాలో నిలబడి చూస్తున్నారు. తమ గడపకు పది అడుగుల దూరంలో పార ఆగిపోయింది. భ్రమరాంబ లోపలికి వెళ్ళిపోయింది. ఆచారి మాత్రం అక్కడే నిలబడ్డాడు. అంత కేకలేసినా మంచితనం లాగే కోపం కూడా తనకు ఉపయోగపడలేదనుకున్నాడు.

పైపులు బిగించే మేస్త్రీ గుంటలోంచి తల పైకెత్తి ఇంజనీరును పిలిచాడు. "సార్, ఈడ మూత బిగించేస్తే లైను మొత్తం బురద చివరకొచ్చి పేరుకుంటది. నెల తిరగ్గానే ముప్పై ఇళ్ళకూ మురికి నీళ్ళే. చివర కడుగుడు కొళాయి పెట్టాల, పొద్దునో గంట, సాయంత్రం ఓ గంట వదిలెయ్యాల. ఇంటి ముందర పెడితే వాళ్ళు ఒప్పుకోరు. ముందున్నది ఖాళీ స్థలమేనా?"

ఇంజనీరు ఆచారి వంక చూశాడు. ఆచారి ఇంజనీరు వంక చూశాడు. ఇంజనీరు చేతిలోని నక్షా మీద 7-31 ఉన్నచోట ఒక తెల్ల గడి ఉంది, అందులో ‘ఖా.స్థ.’ అని రాసి ఉంది.

"రికార్డు ప్రకారం ఖాళీ స్థలమే," అన్నాడు ఇంజనీరు గొంతు సవరించుకుని. "అందులోకే పొడిగించు."

ఆ సాయంత్రానికి భ్రమరాంబ గడపకు నాలుగడుగుల దూరంలో, మామూలు కొళాయికి రెండింతల లావున్న గొట్టం లేచింది. ఊళ్ళో ఎక్కడా లేని ధార. ఆచారి బిందె పెడితే లోపలికి కేక వేసేలోపు నిండి పొర్లిపోయింది. భ్రమరాంబ వచ్చి ఆ నీళ్ళలో చేతులు పెట్టి అలాగే నిలబడింది. బిందె ఎత్తబోతే ఆచారి ఎత్తనివ్వలేదు. నాలుగడుగులైనా సరే తనే మోశాడు.

ముప్పై పచ్చ ఇళ్ళకూ కొళాయిలొచ్చాయి. వాటితో పాటు కొత్త సంవత్సరం కాగితాలూ వచ్చాయి. ఆ ఏడాది ప్రధాన లక్ష్యం నీటి వినియోగం తగ్గింపు. పన్నెండు బిందెలు వాడే ఇల్లు మార్చికి తొమ్మిది, జూన్‌కు ఆరు, డిసెంబరుకు మూడు బిందెలకు రావాలి. తప్పితే ఎర్ర సున్నా, కొళాయి పీకివేత. ఆదెమ్మ నిండు కొళాయి ముందు ఖాళీ బిందె పెట్టుకుని ఏడ్చింది. పేరయ్య శాలువా మడిచి లోపల పెట్టేశాడు. రెండు రోజులకు ఇద్దరూ బిందెలు తీసుకుని ఖాళీ స్థలానికి వచ్చారు. మూడో రోజు సందంతా వచ్చింది. వచ్చినవాళ్ళలో సగం మంది మగవాళ్ళే. కడుగుడు కొళాయి నీళ్ళకు లెక్క లేదు, వదిలెయ్యకపోతేనే నేరం. భ్రమరాంబ ఎవరినీ పొమ్మనలేదు. వరస తప్పితే మాత్రం ఊరుకోలేదు. ఆమె గొంతు కూడా ఈ మధ్య కాస్త పెరిగింది.

"ఆచారీ, ఇల్లు లేదని రాయించుకోవాలంటే ఎవరికివ్వాల అర్జీ?" అని పేరయ్య ఒకరోజు వరసలో నిలబడి అడిగాడు.

"ముందు తాగుడు మానెయ్యి పేరయ్యా. తప్పనేది లేకపోతేనే తీసేస్తారు," అన్నాడు ఆచారి. పేరయ్య ఆ మాటను నిజంగానే ఆలోచించాడు.

మార్చి నెలాఖరులో మాల్యాద్రి మళ్ళీ సందులోకి వచ్చాడు. ఎండ మండిపోతోంది. ముప్పై ఇళ్ళు తిరిగాడు, ముప్పై చోట్లా తిట్లు తిన్నాడు, దాహమని అడిగితే బిందెల లెక్క చూపించి తలుపులేసుకున్నారు. చెమటలు కక్కుతూ సందు చివరికొచ్చి ఆచారి వసారాలో కూలబడ్డాడు. భ్రమరాంబ ఏమీ అడక్కుండానే చెంబుతో చల్లటి నీళ్ళిచ్చింది. గటగటా తాగాడు. ఆచారి విసనకర్ర అందించాడు. మాల్యాద్రి కాస్త తేరుకుని, ఒళ్ళో కాగితాలు సర్దుకుని, ఆఖరి వరసలో ‘ఖాళీ స్థలము. మనుషులు లేరు’ అని శ్రద్ధగా రాసి, సంతకం చేసి, ఇంకో చెంబుడు నీళ్ళడిగాడు.